న్యూయార్క్ సిటీ కాలేజీ చరిత్రలో వర్గమూ జాతీ

అమెరికా కళాశాలల విద్యార్థుల మధ్య తేడాలను చర్చించేవారు తరచుగా వాటిని రెండు వేర్వేరు అధ్యాయాలుగా విడదీస్తారు. కుటుంబ ఆదాయాన్ని, తల్లిదండ్రుల వృత్తిని, ముందు తరం చదువును బట్టి ఏర్పడే వర్గభేదం ఒక అధ్యాయంలోను, శరీర వర్ణాన్ని, పూర్వీకుల మూలాన్ని బట్టి సమాజం అంటగట్టిన జాతిభేదం మరొక అధ్యాయంలోను చేరతాయి. ఈ విభజన వల్ల ఒకదాని పరిష్కారం రెండోదానికి పోటీ అన్న భావన కూడా బలపడింది. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకుంటే పేద తెల్లవారికి అన్యాయం జరుగుతుందని కొందరు, పేదరికాన్ని మాత్రమే చూస్తే నల్లజాతివారు అనుభవించిన ప్రత్యేక వివక్ష మరుగున పడుతుందని మరికొందరు వాదిస్తూ వచ్చారు. 1847లో స్థాపితమై, 1976 వరకు విద్యార్థుల నుంచి బోధనా రుసుము వసూలు చేయకుండా నడిచిన న్యూయార్క్ సిటీ కాలేజీ చరిత్రను పరిశీలిస్తే ఈ పోటీ భావన ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం నడిమికాలానికి న్యూయార్క్ వాణిజ్య నగరంగా ఎదిగినా అక్కడ ఉన్నత విద్య కొద్దిమందికే అందేది. 1754లో కింగ్స్ కాలేజీగా మొదలైన కొలంబియా, 1831లో ఏర్పడిన మరో ప్రైవేటు విశ్వవిద్యాలయం రుసుములు చెల్లించగల కుటుంబాల పిల్లలనే చేర్చుకునేవి. నగర విద్యామండలి అధ్యక్షుడు టౌన్‌సెండ్ హారిస్ అనే వ్యాపారి, ప్రాథమిక పాఠశాలల్లాగే కళాశాల కూడా ప్రజాధనంతో నడవాలని, ధనికుల పిల్లలూ పేదల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుని చదవాలని ప్రతిపాదించాడు. చేతిపని చేసుకునేవారి బిడ్డలకు లాటిన్, గ్రీకు ఎందుకని, ఒకరి పన్నుతో మరొకరి చదువేమిటని పత్రికల్లోను సంపన్న వర్గాల్లోను అభ్యంతరాలు వచ్చినా, 1847 జూన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నగర ఓటర్లు ఈ ప్రతిపాదనను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. ఉచిత అకాడమీ అన్న అర్థం వచ్చే ఫ్రీ అకాడమీ పేరుతో లెక్సింగ్టన్ అవెన్యూ, 23వ వీధి కూడలిలో కట్టిన భవనంలో 1849 జనవరిలో తరగతులు మొదలయ్యాయి. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొందిన హొరేస్ వెబ్‌స్టర్ దీనికి మొదటి అధ్యక్షుడు. ప్రాచీన భాషలకు బదులు ఆధునిక భాషలు ఎంచుకునే వెసులుబాటును కూడా విద్యార్థులకు కల్పించారు. 1866లో ఈ సంస్థ సిటీ కాలేజీగా పేరు మార్చుకుంది.

తలుపు తెరిచినంత మాత్రాన అందరూ లోపలికి రాలేదు. తొలి దశాబ్దాల్లో చేరినవారిలో పట్టా అందుకునేదాకా నిలిచినవారు కొద్దిమందే. రుసుము లేకపోయినా, పదిహేనేళ్ల కుర్రవాడు దుకాణంలోనో కర్మాగారంలోనో తెచ్చే కూలి డబ్బును వదులుకోగల స్థితి చాలా కుటుంబాలకు లేదు. అందువల్ల చిన్న వర్తకులు, గుమాస్తాలు, నైపుణ్యం గల చేతివృత్తులవారి కుమారులే ఈ కళాశాలకు తొలి విద్యార్థులయ్యారు. ఆడపిల్లలకు ఇక్కడ చోటు లేదు. వారికోసం 1870లో ఉపాధ్యాయ శిక్షణ ప్రధానంగా నగరం వేరే కళాశాలను నెలకొల్పింది, అదే తరువాత హంటర్ కాలేజీ అయింది. సిటీ కాలేజీ సాహిత్య, విజ్ఞాన శాస్త్ర విభాగాల్లో స్త్రీలు పూర్తి స్థాయిలో ప్రవేశం పొందడానికి 1951 దాకా ఆగవలసి వచ్చింది.

1880ల నుంచి రష్యా సామ్రాజ్యం, తూర్పు ఐరోపా ప్రాంతాల్లో జరిగిన హింసాకాండను, పేదరికాన్ని తప్పించుకుని లక్షలాది మంది యూదులు న్యూయార్క్ చేరారు. మన్‌హాటన్ దక్షిణ భాగాన ఇరుకు ఇళ్లలో ఉంటూ దుస్తుల తయారీ కర్మాగారాల్లో పనిచేసిన ఈ కుటుంబాల కుమారులకు ప్రధానంగా అందుబాటులో ఉన్న ఉన్నత విద్యాసంస్థ సిటీ కాలేజీయే. 1907లో కళాశాల హార్లెం ప్రాంతానికి ఎగువన ఉన్న గుట్ట మీదికి మారి, మన్‌హాటన్ నేల నుంచే తవ్వి తీసిన నల్లరాతితో గోథిక్ శైలిలో కట్టిన పెద్ద భవనాల్లో స్థిరపడే నాటికే విద్యార్థుల్లో యూదులు అధిక సంఖ్యాకులయ్యారు. ఇదే కాలంలో దేశంలోని ప్రముఖ ప్రైవేటు సంస్థలు వారిని అడ్డుకునే మార్గాలు వెతికాయి. హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు 1922 నాటికి అయిదోవంతు దాటగా, అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వారి సంఖ్యకు బాహాటంగా పరిమితి పెట్టాలని ప్రతిపాదించాడు. దానికి వ్యతిరేకత రావడంతో దేశంలోని అన్ని ప్రాంతాలకూ ప్రాతినిధ్యం, శీలస్వభావాల పరిశీలన, ఛాయాచిత్రంతో కూడిన దరఖాస్తు, పూర్వ విద్యార్థుల సంతానానికి ప్రాధాన్యం వంటి పరోక్ష సాధనాలతో అదే ఫలితం సాధించారు. డాక్టర్ అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు చదివిన విద్యాలయంగా తెలుగు పాఠకులకు పరిచితమైన కొలంబియా కూడా మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఇటువంటి ప్రవేశ విధానంతోనే యూదుల వాటాను దాదాపు సగానికి తగ్గించింది. మార్కులు మాత్రమే చూసి చేర్చుకునే సిటీ కాలేజీకి, అభ్యర్థి సమగ్ర వ్యక్తిత్వాన్ని చూస్తామని చెప్పే కొలంబియాకు మధ్య నడిచి వెళ్లగలిగేంత దూరమే ఉన్నా, విద్యార్థుల వర్గ, జాతి స్వరూపంలో ఆ రెండూ రెండు లోకాలు.

1930ల ఆర్థిక మాంద్యంలో సిటీ కాలేజీకి శ్రామికుల హార్వర్డ్ అన్న పేరు వచ్చింది. దర్జీల, కార్మికుల, చిల్లర వర్తకుల పిల్లలు భూగర్భ రైలులో వచ్చి, పగలు చదివి, సాయంత్రం పనికి వెళ్లేవారు. ఫలహారశాల గోడల వెంట ఉన్న అరల్లో ఒకదానిలో సోవియట్ అనుకూల కమ్యూనిస్టులు, పక్కదానిలో వారిని వ్యతిరేకించే వామపక్షీయులు చేరి సాగించిన వాదోపవాదాల నుంచే ఇర్వింగ్ హో, డేనియల్ బెల్, ఇర్వింగ్ క్రిస్టల్, నేథన్ గ్లేజర్ వంటి ఆలోచనాపరులు ఎదిగారు. 1934లో పట్టభద్రుడైన జోనస్ సాక్ తరువాత పోలియో టీకా రూపొందించాడు. ఆర్థర్ కోర్న్‌బర్గ్, కెనెత్ ఆరో, రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్, లియాన్ లెడర్‌మన్ మొదలైనవారు నోబెల్ బహుమతి పొందారు. ఉచిత విద్యకు గల సార్థకతను నిరూపించడానికి ఈ పేర్లను నేటికీ ఉదహరిస్తారు. అయితే ఈ కీర్తి వెనుక మరొక పరిణామం మౌనంగా సాగింది. దరఖాస్తులు పెరిగినంతగా సీట్లు పెరగకపోవడంతో, ఉన్నత పాఠశాల మార్కుల సగటు ఫలానా శాతం దాటినవారికే ప్రవేశం అన్న కటాఫ్ పద్ధతి గట్టిపడింది. ఆ గీత ఏటా సీట్ల సంఖ్యను బట్టి కదులుతూ, 1960ల నాటికి 80 దాటి 85 సమీపానికి చేరింది. ప్రతిభకు కొలబద్దగా అందరూ భావించిన ఈ అంకె, నిజానికి నగరం ఎన్ని సీట్లకు డబ్బు పెట్టదలచిందన్న నిర్ణయానికి మరో రూపం.

కటాఫ్ పైకి జరిగిన దశాబ్దాల్లోనే కళాశాల చుట్టూ ఉన్న జనాభా మారిపోయింది. దక్షిణాది రాష్ట్రాల్లో చట్టబద్ధమైన జాతి విభజన నుంచి తప్పించుకుని ఉత్తరాదికి తరలివచ్చిన నల్లజాతివారికి హార్లెం ప్రధాన స్థావరమైంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి పెద్ద సంఖ్యలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలు వచ్చాయి. గుట్ట మీది కళాశాలకు, కింద ఉన్న హార్లెంకు మధ్య ఒక ఉద్యానవనం మాత్రమే అడ్డు, అయినా ఆ వీధుల నుంచి పైకి వచ్చిన విద్యార్థులు చాలా తక్కువ. జమైకా నుంచి వలస వచ్చిన దంపతుల కుమారుడై, 1958లో భూగర్భ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, తరువాత దేశ విదేశాంగ మంత్రి అయిన కోలిన్ పవెల్ ఆ కొద్దిమందిలో ఒకడు. ఈ వెలితికి కారణం కళాశాల నియమావళిలో జాతి ప్రస్తావన ఉండటం ఎంతమాత్రం కాదు. నగర ఉన్నత పాఠశాలల్లో కళాశాలకు దారితీసే చదువు, సాధారణ చదువు, వృత్తి శిక్షణ అన్న మూడు మార్గాలు ఉండేవి. నల్లజాతి, ప్యూర్టోరికన్ పిల్లలను చిన్న వయసులోనే చివరి రెండు మార్గాల్లోకి నెట్టడం పరిపాటి కావడంతో, వారిలో అనేకులు కళాశాల కోరే పట్టాకే అర్హులు కాలేకపోయేవారు. సిటీ కాలేజీ ఆచార్యుడైన కెనెత్ క్లార్క్, బొమ్మలతో పిల్లల మీద జరిపిన పరిశోధన 1954లో పాఠశాలల్లో జాతి విభజనను రద్దు చేసిన బ్రౌన్ తీర్పులో ఉదహరింపబడింది. అటువంటి పండితుడు బోధించిన కళాశాలలోనే విద్యార్థులు దాదాపు అందరూ తెల్లవారై ఉండటం ఆ కాలపు వైరుధ్యం.

1961లో నగరపాలక కళాశాలలన్నింటినీ కలిపి న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం ఏర్పాటు చేశారు. పేద ప్రాంతాల విద్యార్థులను కటాఫ్‌తో నిమిత్తం లేకుండా చేర్చుకుని, జీవనభృతి, సన్నాహక పాఠాలు, సలహాదారుల సహాయం ఇచ్చే సీక్ అనే పథకం 1960ల నడుమ సిటీ కాలేజీలోనే మొదలైంది. ఆడ్రీ లార్డ్, జూన్ జోర్డన్, టోనీ కేడ్ బంబారా, ఏడ్రియన్ రిచ్ వంటి రచయిత్రులు అందులో బోధించారు. పథకం మంచిదే అయినా దాని పరిమాణం చిన్నది. 1969 ఏప్రిల్ 22న నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు కళాశాల దక్షిణ ప్రాంగణాన్ని ఆక్రమించి, గేట్లు మూసి, రెండు వారాల పాటు తమ అధీనంలో ఉంచుకున్నారు. తమ జాతుల చరిత్ర, సంస్కృతుల అధ్యయనానికి ప్రత్యేక విభాగం, సీక్ నిర్వహణలో విద్యార్థులకు భాగం, కాబోయే ఉపాధ్యాయులకు ఆ చరిత్రతోపాటు స్పానిష్ భాష తప్పనిసరి చేయడం, కొత్త విద్యార్థులకు ప్రత్యేక పరిచయ తరగతులు వారు కోరినవి. వీటన్నింటికంటె వివాదాస్పదమైనది అయిదో కోరిక: కళాశాలలో చేరేవారి జాతి నిష్పత్తి నగర ఉన్నత పాఠశాలల్లోని నిష్పత్తికి సమానంగా ఉండాలన్నది.

ఆ కోరికకు వచ్చిన సమాధానమే ఈ చరిత్రలో కీలకం. కొత్తగా చేరేవారిలో సగం మందిని పేద ప్రాంతాల పాఠశాలల నుంచి మార్కులతో సంబంధం లేకుండా తీసుకోవాలని అధ్యాపక, విద్యార్థి ప్రతినిధులు మొదట ఒక రాజీ కుదుర్చుకున్నారు. అది మేయర్ ఎన్నికల సంవత్సరం. తెల్లజాతి మధ్యతరగతి, శ్రామిక కుటుంబాల్లో తమ పిల్లల సీట్లు పోతాయన్న ఆందోళన రేగింది. అభ్యర్థుల్లో ఒకడైన మారియో ప్రొకాచినో కళాశాలను తెరిపించాలంటూ కోర్టు ఉత్తర్వు తెచ్చాడు. కళాశాల అధ్యక్షుడు బ్యూయెల్ గాలగర్ రాజీనామా చేశాడు. రాజీ ప్రతిపాదన వీగిపోయింది. అప్పుడు నగర కళాశాలలను నడిపే ఉన్నత విద్యామండలి సీట్లను పంచడం మాని, పెంచడం అన్న దారి పట్టింది. 1975లో అమలు చేయాలని అంతకుముందే అనుకున్న సార్వత్రిక ప్రవేశ విధానాన్ని 1970లోనే తెస్తున్నట్లు ప్రకటించింది. కార్మిక సంఘాల నాయకత్వం, తమ సభ్యుల పిల్లలకు ఇది మేలు చేస్తుందని గ్రహించి, దీనిని సమర్థించింది. ఈ విధానం ప్రకారం నగరంలో ఉన్నత పాఠశాల పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ విశ్వవిద్యాలయంలో ఏదో ఒక కళాశాలలో సీటు ఖాయం. మార్కుల సగటు 80 ఉన్నవారికి గాని, తమ పాఠశాల తరగతిలో మొదటి సగంలో నిలిచినవారికి గాని నాలుగేళ్ల కళాశాలలో, మిగిలినవారికి రెండేళ్ల కోర్సులు నడిపే కమ్యూనిటీ కళాశాలల్లో చోటు లభిస్తుంది. తరగతిలో స్థానాన్ని లెక్కించే ఈ రెండో నియమం వల్ల, వసతులు లేని పేద పాఠశాలలో ముందు నిలిచిన విద్యార్థికి కూడా నాలుగేళ్ల కళాశాల తలుపు తెరుచుకుంది.

1970 శరత్కాలంలో విశ్వవిద్యాలయంలో చేరిన కొత్త విద్యార్థులు సుమారు 35,000. అంతకుముందు ఏడాదికంటె ఇది 75 శాతం ఎక్కువ. నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థుల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. అయితే పోరాటం చేసినవారూ ఊహించని సంగతి మరొకటి జరిగింది. కొత్త విధానం వల్లనే సీటు పొందినవారిలో అతిపెద్ద భాగం తెల్లవారిదే అయింది. ఇటాలియన్, ఐరిష్ మూలాలుగల కాథలిక్ శ్రామిక కుటుంబాలు అంతవరకు ఈ కళాశాలల వైపు పెద్దగా చూడలేదు. చూసినా కటాఫ్ వారిని ఆపేది. ఆ ఇళ్ల పిల్లలు, మార్కులు తక్కువైన యూదు విద్యార్థులు కూడా ఇప్పుడు లోపలికి వచ్చారు. సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ లావిన్, ఆయన సహచరులు ఈ విద్యార్థులను ఏళ్ల తరబడి అనుసరించి జరిపిన అధ్యయనాల్లో ఈ విషయం స్పష్టంగా రుజువైంది. జాతి ప్రాతిపదికన లేచిన కోరిక సీట్ల విస్తరణకు దారితీసి, ఆ కోరికను భయంతో చూసిన శ్రామిక తెల్లవారికే పెద్ద మేలు చేసింది.

విమర్శలు వెంటనే వచ్చాయి. దేశ ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ మొదలుకొని కళాశాల సొంత ఆచార్యుల్లో పలువురి దాకా ప్రమాణాలు పడిపోతున్నాయని ఆరోపించారు. తరగతి గదులు చాలలేదు. చదవడం, రాయడం, లెక్కల్లో పాఠశాల స్థాయి లోపాలున్నవారికి సన్నాహక తరగతులు పెద్ద ఎత్తున పెట్టవలసి వచ్చింది. చేరినవారిలో చాలామంది మధ్యలోనే మానేశారు. ఈ ఇబ్బందులు వాస్తవమే. వాటిని పరిశోధనాంశంగా మార్చినవారిలో ముఖ్యురాలు మీనా షానసీ. 1970ల తొలి అర్ధభాగంలో సిటీ కాలేజీ విద్యార్థులు రాసిన దాదాపు 4,000 స్థాయి నిర్ధారణ వ్యాసాలను పరిశీలించి, వారి తప్పులు అజ్ఞానంతో చేసిన గజిబిజి రాతలు కావని, లిఖిత భాషా నియమాలను తమకు తెలిసిన తర్కంతో అన్వయించబోగా వచ్చినవని, ఆ తర్కం గ్రహించిన ఉపాధ్యాయుడు వాటిని సరిదిద్దగలడని ఆమె 1977 నాటి గ్రంథంలో నిరూపించింది. రచనా బోధన ఒక శాస్త్రంగా అమెరికా అంతటా స్థిరపడటానికి ఈ గ్రంథం పునాదుల్లో ఒకటైంది.

1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరింది. సాయం కోసం చేతులు చాచిన నగరానికి కేంద్ర, రాష్ట్ర అధికారులు దుబారాకు ఉదాహరణగా చూపినవాటిలో ఉచిత కళాశాల విద్య ఒకటి. 1976 వేసవి ప్రారంభంలో జీతాలకు డబ్బు లేక విశ్వవిద్యాలయం రెండు వారాలు మూతపడింది. ఆ శరత్కాలం నుంచి బోధనా రుసుము విధించారు, ప్రవేశ నియమాలనూ బిగించారు. అంతర్యుద్ధాన్ని, రెండు ప్రపంచయుద్ధాలను, 1930ల మాంద్యాన్ని తట్టుకుని నిలిచిన ఉచిత విద్య, తెల్లవారి ఆధిక్యం తగ్గిన దశలోనే అంతమైందని నాటి ఉద్యమకారులు ఎత్తిచూపారు. తక్షణ కారణం ఆర్థిక సంక్షోభమే అయినా, పొదుపు ఎక్కడ చేయాలన్న నిర్ణయం రాజకీయమైనది కనుక వారి అనుమానాన్ని తోసిపుచ్చలేము. పేదలకు కేంద్ర, రాష్ట్ర ఉపకార వేతనాలు ఉన్నాయి కదా అన్న సమర్థన వినిపించింది. కాని రాష్ట్ర సహాయం ప్రధానంగా పూర్తికాల విద్యార్థులకే పరిమితం కావడంతో, ఉద్యోగం చేసుకుంటూ ఒకటి రెండు పాఠ్యాంశాలు చదివేవారి మీదే భారం పడింది. కొద్ది సంవత్సరాల్లోనే విద్యార్థుల సంఖ్య పదుల వేలల్లో తగ్గింది. తగ్గినవారిలో అన్ని జాతుల శ్రామికులూ ఉన్నారు. 1990ల చివరలో, విశ్వవిద్యాలయం దారితప్పిందన్న విమర్శల నేపథ్యంలో, నాలుగేళ్ల కళాశాలల నుంచి సన్నాహక తరగతులను తొలగించాలని ధర్మకర్తల మండలి తీర్మానించింది. ఆ విధంగా 1970 నాటి ఏర్పాటులో మిగిలిన భాగం కూడా ముగిసింది.

ఈలోగా అమెరికా చట్టం వేరే దారిలో నడిచింది. 1978 నాటి బాకీ కేసులో సుప్రీంకోర్టు సీట్ల కోటాలను కొట్టివేస్తూ, వైవిధ్యం వల్ల తరగతి గదికి కలిగే విద్యాప్రయోజనం కోసం జాతిని పలు అంశాల్లో ఒకటిగా పరిగణించవచ్చునని అనుమతించింది. పరిమితమైన సీట్లు గల సంపన్న విశ్వవిద్యాలయాలకు ఈ సూత్రం సరిపోయింది. విద్యార్థుల రంగు కొంత మారింది గాని వారి వర్గం పెద్దగా మారలేదు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2017లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దేశంలోని 38 కళాశాలల్లో అత్యధికాదాయం గల ఒక శాతం కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులు, దిగువ 60 శాతం కుటుంబాల నుంచి వచ్చినవారందరికంటె ఎక్కువ. పేద కుటుంబాల పిల్లలను పెద్ద సంఖ్యలో చేర్చుకుని పై మెట్టుకు చేర్చిన సంస్థల్లో న్యూయార్క్ నగర కళాశాలలు ముందు వరసలో నిలిచాయి. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రవేశాల్లో జాతిని నేరుగా పరిగణించే పద్ధతికి కూడా దాదాపు తెరపడింది.

సిటీ కాలేజీ తదితర నగర కళాశాలల్లో 1970 నాటి సార్వత్రిక ప్రవేశాల ఫలితాన్ని తూచడానికి పట్టాల లెక్కను నాలుగైదేళ్లకే కట్టేయడం సరికాదని తరువాతి పరిశోధన తేల్చింది. 1970 నుంచి 1972 వరకు చేరిన స్త్రీలను మూడు దశాబ్దాల తరువాత పాల్ అటెవెల్, డేవిడ్ లావిన్ వెతికి పట్టుకుని ప్రశ్నించగా, వారిలో 70 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు పట్టా సాధించారని, ఆ చదువు ప్రభావం వారి పిల్లల చదువుల్లోనూ కనిపించిందని 2007లో వెలువడిన వారి గ్రంథం వెల్లడించింది. అదే 2007లో రెండేళ్ల కళాశాలల్లో మొదలైన ఏసాప్ పథకం రుసుములో మిగిలే లోటును, ప్రయాణ ఖర్చును, పుస్తకాల ఖర్చును భరించి, ప్రతి విద్యార్థికీ సలహాదారుని ఇచ్చింది. మూడేళ్లలో పట్టా పొందినవారు మామూలు బృందంలో 22 శాతం ఉండగా పథకంలో ఉన్నవారిలో 40 శాతానికి చేరినట్లు ఒక నియంత్రిత ప్రయోగంలో తేలింది.

సిటీ కాలేజీ అనుభవం నుంచి తీయదగిన నిర్ధారణ ఇది. సీట్లు పెరగనంతకాలం వర్గమూ జాతీ ఒకదానితో ఒకటి పోటీపడుతున్నట్లు కనిపిస్తాయి, కటాఫ్ అంకె న్యాయానికి ప్రతిరూపంగా చెలామణి అవుతుంది. సీట్లు పెంచి, ఖర్చు భరించి, వెనుకబడినవారికి బోధించే బాధ్యత తీసుకున్న ఆరేళ్లలో ఆ పోటీ చాలావరకు సడలింది. ఆ ఖర్చు ఆపిన నాడు రెండు వైపులవారూ నష్టపోయారు. కనుక కళాశాల విద్యార్థుల్లో వైవిధ్యాన్ని గురించి చర్చించేవారు ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నకు ముందు, మొత్తం సీట్లు ఎన్ని, వాటి ఖర్చు ఎవరు పెడుతున్నారు అన్న ప్రశ్నలు వేయవలసి ఉంటుంది. 1976లో రద్దయిన, ఎటువంటి షరతులూ లేని ఉచిత బోధన ఆ కళాశాలకు నేటికీ తిరిగి రాలేదు.